హెర్మీనా కూతురి నోట్లో దారం

స్మృతి కేంద్రం వారికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఇబోయా రోట్‌మన్ పోయిన తర్వాత కూడా ఆవిడ చేత మాట్లాడించాలని. బతికుండగా ఆవిడ నోరు విప్పితే లిఫ్టులో పక్కింటివాళ్ళు ఫోన్లు తీసి చూసుకుంటారు. అలాంటిది పోయాక వినడానికి జనం టికెట్టు కొనుక్కుని వస్తారంటే ఎవరికి చేదు? ఇబోయా ఒప్పుకుంది.

ఏర్పాటు సులువైనదే. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి చుట్టూ కెమెరాలు పెడతారు. అయిదు రోజులపాటు వందల కొద్దీ ప్రశ్నలు అడిగి, ఒక్కో జవాబునూ విడివిడిగా పట్టుకుంటారు. ఆ తర్వాత ఆ మనిషి నిలువెత్తు బొమ్మ తెర మీద కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుంది. బడిపిల్లలు వచ్చి ఏదైనా అడిగితే యంత్రం తగిన జవాబు వెతికి బొమ్మ నోట పలికిస్తుంది. తెలియని ప్రశ్న ఎదురైతే "దానికి నా దగ్గర జవాబు లేదు, ఇంకోటి అడగండి" అని బొమ్మ మర్యాదగా అంటుంది. అలాంటి మాట ఇబోయా జన్మలో ఎవరితోనూ అనలేదు. మొదటి రోజు దాన్ని ఆవిడ చేత అనిపించేసరికి డైరెక్టర్‌కి తలప్రాణం తోకకొచ్చింది.

డైరెక్టర్ పేరు డెరెక్. మంచి కుర్రాడే. వినయం ఎంతంటే, ఆవిడ దగ్గినా ధన్యవాదాలు చెప్పేవాడు. కాకపోతే మాటిమాటికీ "మీరు మా మధ్య లేని రోజున" అనేవాడు. అతను అన్నప్పుడల్లా ఇబోయా ఎడమ భుజం మీదుగా తుఫ్ తుఫ్ అని ఉమ్మినట్టు చేసేది. ఆవిడ యూదు జనంలో అలా అనరు. "నూట ఇరవై ఏళ్ళు నిండాక" అంటారు. ఎనభై తొమ్మిదేళ్ళ మనిషి ఎదురుగా కూర్చున్నా, ఇంకా బోలెడు ఆయుష్షు పెట్టెలో దాచుకున్నట్టే మాట్లాడటం అక్కడ మర్యాద. చివరికి ఆవిడ కూతురు జూడీ డెరెక్‌ని పక్కకి పిలిచి ఆ మాట నేర్పింది. అప్పట్నుంచీ అతను అంతే వినయంగా "నూట ఇరవై నిండాక ఈ కుర్చీలో మీరే ఉంటారు" అనడం మొదలుపెట్టాడు. ఇదింకా అన్యాయంగా ఉంది అనుకుంది ఇబోయా.

అయిదు రోజులూ ఒకే చొక్కా వేసుకోవాలి. నీలం పట్టు చొక్కా, ముత్యాల గుండీలు. జుట్టు కత్తిరించకూడదు. బరువు పెరగకూడదు, తగ్గకూడదు. పాదాలు ఎక్కడ ఆనించాలో నేల మీద పట్టీ అంటించారు. చేతులు ఒళ్ళో ఎలా పెట్టుకోవాలో ఫొటో తీసి ఎదురుగా పెట్టారు. ఎందుకయ్యా అంటే కంటిన్యుటీ అన్నాడు డెరెక్.

"నా వయసులో పొద్దున్నే లేవడమే కంటిన్యుటీ నాయనా," అంది ఇబోయా.

డెరెక్ ధన్యవాదాలు చెప్పాడు.

నిజానికి నాజీల శిబిరం నుంచి బతికొచ్చిన కథ చెప్పడం ఆవిడకి కొత్త కాదు. భర్త మిక్షా చనిపోయిన ఏడాది, జూడీ మూడో క్లాసులో ఉండగా, ఎవరో బడికి రమ్మని పిలిచారు. అప్పట్నుంచీ టొరంటోలో ఆవిడ ఎక్కని బడి మెట్లు లేవు. ఆరో క్లాసుకి ఒక కథ, అందులో ఎవరూ చనిపోరు, అందరూ "విడిపోతారు". పదో క్లాసుకి కొంచెం ముదురు కథ. వ్యాపారుల క్లబ్బుకి భోజనానికీ కాఫీకీ మధ్య సరిపోయే కథ. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగి నీళ్ళు తాగాలో, టీచరమ్మ ఎక్కడ రుమాలు తీస్తుందో ఆవిడకి కొట్టినపిండి. చివర్లో "పిల్లలూ, ఎవర్నీ ద్వేషించకండి" అనాలి. అంటే చప్పట్లు కొడతారు. ఇంటికొచ్చి రమ్మీ ఆడుతూ, కింది అంతస్తు క్లారీని కడుపారా ద్వేషించేది. క్లారీ దొంగాట ఆడుతుంది మరి.

ఇంత చెప్పాక ఇంకా ఈ యంత్రం ఎందుకని జూడీ అడిగింది. జూడీకి అరవై దాటాయి. పన్నుల లాయరు, పెళ్ళీ పిల్లల గొడవ పెట్టుకోలేదు. గొడవంతా అక్కడే ఉంది. ఇబోయా తల్లి పేరు హెర్మీనా. ఆవిడకి సమాధి లేదు, రాయి లేదు. ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. ఏటా వసంతంలో ఇబోయా ఆవిడ పేరున ఒక దీపం వెలిగిస్తుంది. పోయిన రోజు ఏదో ఎవరికీ తెలియదు కాబట్టి, రైలు దిగిన రోజునే అనుకుని వెలిగిస్తుంది. నూట ఇరవై నిండాక జూడీ వెలిగిస్తుంది. ఆ తర్వాత? ఆ తర్వాత ప్రపంచంలో హెర్మీనా అనే మాట ఎవరి నోటా రాదు. పిల్లలు లేని ఇంట్లో యంత్రమన్నా అంటుంది కదా అని ఇబోయా ఒప్పుకుంది. ఈ మాట జూడీతో అనలేదు. అంటే మళ్ళీ పిల్లల్ని కనలేదని దెప్పావంటూ జూడీ నెల్లాళ్ళు ఫోన్ చెయ్యదు.

రెండో రోజు ఆ ప్రశ్న రానే వచ్చింది. డెరెక్ గొంతు మెత్తగా చేసుకుని, "మీ అమ్మగారి గురించి చెప్పండి," అన్నాడు.

ఇబోయా నోరు తెరిచింది. "మా అమ్మ చాలా మంచిది. వంట బాగా చేసేది. ఆష్విట్జ్‌లో రైలు దిగగానే ఆమెను ఎడమ వైపు పంపారు, నన్ను కుడి వైపు పంపారు. మళ్ళీ చూడలేదు." ఆగింది. నీళ్ళు తాగింది.

"అద్భుతం," అన్నాడు డెరెక్. "తర్వాతి ప్రశ్న. మీకు ఇష్టమైన రంగు ఏది?"

రంగు సంగతి ఏం చెప్పిందో ఇబోయాకే తెలియదు. ఆవిడ ఇంకా ముందు జవాబు దగ్గరే ఉంది. ఇన్నేళ్ళూ చెప్పిందీ అదే, ఇప్పుడు చెప్పిందీ అదే, అక్షరం తేడా లేదు. దాని వెనక ఇంకేమన్నా ఉందా అని వెతికితే ఏమీ తగల్లేదు. మంచిది. ఎవరి అమ్మ కాదు? వంట బాగా చేసేది. ఏం వండేది? నిన్న డెరెక్‌కి తీపి రొట్టె, గసగసాల చుట్ట అని చెప్పింది, కానీ ఆ చుట్ట క్లారీ చేసే చుట్టలా కనబడుతోందే తప్ప అమ్మ చేతిలోది కాదు. ముఖం గుర్తు చేసుకోబోతే బడిపిల్లల ముఖాలు వచ్చాయి. చెప్పి చెప్పి, ఉతికి ఉతికి ఆరేసిన బట్టలా అమ్మ వెలిసిపోయింది. యంత్రంలోకి పోయేది ఈ వెలిసిన ముక్క. రేపు బొమ్మ నోట హెర్మీనా పేరు వస్తుంది సరే, దాని వెనక మనిషి ఉండదు. ఇబోయాకి చాలా భయం వేసింది.

మర్నాడు రమ్మీ బల్ల దగ్గర క్లారీని అడిగింది, మీ అమ్మ నీకు గుర్తుందా అని.

"నేను మా అమ్మ గురించి చెప్పేది నాకు గుర్తుంది," అంది క్లారీ, ముక్క దింపుతూ. క్లారీ కూడా కేంద్రం వారికి కథ చెప్పిన మనిషే. పాత పద్ధతిలో, మామూలు వీడియోలో, వెనక వయొలిన్ పెట్టి. తనకి అయిదు రోజులు ఇవ్వలేదన్న కడుపుమంట ఇంకా చల్లారలేదు. "నువ్వింత ఆలోచిస్తే మొహం మీద ముడతలు మారతాయి. నీ కంటిన్యుటీ చెడుతుంది," అని కూడా అంది.

కారులో జూడీ అడిగింది, అమ్మమ్మ ఎలా ఉండేదని. నిన్న చెప్పానుగా, విన్నావుగా అంది ఇబోయా.

"అమ్మా, అది నేను మూడో క్లాసు నుంచీ వింటున్నాను. మా క్లాసులో మిగతా పిల్లలతో కలిసి, చెయ్యెత్తి మరీ విన్నాను."

ఇబోయా కిటికీలోంచి బాథర్స్ట్ వీధి మంచుని చూస్తూ, నడిపేటప్పుడు రోడ్డు చూడవే అంది.

నాలుగో రోజు చొక్కా గుండీ ఊడింది. సరిగ్గా గుండెల మీద గుండీ. ఆ రోజు తీయాల్సింది "మౌనంగా వినడం". బొమ్మ ఊరికే కూర్చుని ఎవరైనా ప్రశ్న అడుగుతారేమోనని ఎదురుచూసే ముక్క అన్నమాట. జనం ఎక్కువసేపు చూసేది దాన్నే కాబట్టి నోరు మూసుకుని, ప్రశాంతంగా, కొంచెం ఆశగా కూర్చోవాలి. దీపాలు సర్దారు, పాదాలు పట్టీ మీద పెట్టించారు, మెడకి మైకు తీగ కట్టారు. అప్పుడు ఊడింది గుండీ, టప్‌మని. బట్టలు చూసే అమ్మాయి రెండు వైపులా జిగురున్న టేపు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఇబోయా ఆ టేపు వంక ఎలా చూసిందంటే, ఆ పిల్ల వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

"మా అమ్మ దర్జీ. ఒంటి మీద టేపు అంటించుకుని నేను కూర్చోను. సూదీ దారం తెండి," అంది.

చొక్కా విప్పితే మైకూ దీపాలూ అన్నీ మళ్ళీ మొదట్నుంచి సర్దాలి. ఒంటి మీదే కుట్టెయ్యమన్నాడు డెరెక్. బట్టల పిల్ల దగ్గరికి రావడానికి జంకుతుంటే జూడీ లేచింది. జూడీ జన్మలో గుండీ కుట్టి ఎరగదు, ఊడితే చొక్కానే మార్చేస్తుంది. సూదిలో దారం ఎక్కించడానికే కళ్ళజోడు రెండుసార్లు మార్చింది. తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని సూది గుచ్చబోయి, ఆగింది. ఉండ నుంచి జానెడు దారం తెంపి, తల్లి నోటికి అందించింది.

ఇబోయా దాన్ని నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. జూడీ చిన్నప్పుడు, ఒంటి మీద గౌను అంచు కుట్టినప్పుడల్లా తల్లి ఆమె నోట్లోనూ ఇలాగే దారం పెట్టేది. ఎందుకని జూడీ అడగలేదు, ఇబోయా చెప్పలేదు. ఆ ఇంట్లో చాలా సంగతులు అలాగే నడిచిపోయాయి.

"కుట్టు వదులుగా ఉంది, లాగు," అంది ఇబోయా దారం పంటి కింద పెట్టుకుని.

"లాగుతున్నా."

"అది లాగడమా? గుండీకి నెప్పి పుడుతుందేమోనని చూస్తున్నావా?"

తన గొంతు తనకే కొత్తగా వినబడింది ఇబోయాకి. పళ్ళ మధ్య ఏదో పట్టుకుని మాట్లాడే గొంతు. ఇలా పళ్ళ మధ్య మాట్లాడేది తను కాదు. ఎవరు? పత్తి దారం మెత్తబడి నాలుకకి చప్పగా తగిలింది. ఆ చప్పటి రుచితోపాటు సుద్దముక్క వాసన, కాలిన ఇస్త్రీ వాసన, పెదవుల మధ్య గుండుసూదుల వరస వచ్చాయి. ఆ వరస చుట్టూ ఒక నోరు. నోటి మీద చిన్న చెమట చుక్క. కుడి కనుబొమ్మ మధ్యలో తెగినట్టున్న గీత. ఇబోయా ఫక్కున నవ్వింది. జూడీ అదిరిపడి చేతిలో గుండీ జారవిడిచింది.

కుట్టడం అయింది. జూడీ పక్కకి తప్పుకుంది. గుండీ మిగతావాటికంటే కొంచెం పైకి కూర్చుంది కానీ, ఇబోయా ఏమీ అనలేదు. అది చూసి జూడీకి కంగారు పుట్టింది.

"బాగుంది, ఇక ఆ దారం ఊసెయ్యండి ఇబోయా గారూ. మౌనంగా వినడం మొదలుపెడదాం," అన్నాడు డెరెక్.

ఆవిడ ఊసెయ్యలేదు. పాదాలు పట్టీ మీదే ఉన్నాయి, చేతులు ఫొటోలో ఉన్నట్టే ఒళ్ళో ఉన్నాయి. నోరు మాత్రం తాపీగా నములుతూనే ఉంది. "ఇప్పుడు నన్నొకటి అడుగు," అంది.

"ఏమడగను?"

"ఏం నములుతున్నారు అని అడుగు."

ఆ ప్రశ్న జాబితాలో లేదన్నాడు డెరెక్. లేదని నాకు తెలుసు నాయనా, అందుకే అడగమంటున్నా అంది ఇబోయా. కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి. పని తొందరగా అవుతుందన్న ఆశతో డెరెక్ అడిగాడు.

"దారం," అంది ఇబోయా. "ఒంటి మీద బట్ట ఉండగా కుడితే దారం నమలాలి. చచ్చినవాళ్ళకే బట్ట ఒంటి మీద కుడతారు. నమిలితే బతికున్నట్టు లెక్క. నమలకపోతే సూదితోపాటు బుర్ర కూడా కుట్టుకుపోయి అన్నీ మర్చిపోతావట. ఇది మా అమ్మ చెప్పింది. మా అమ్మ పేరు హెర్మీనా. మా ఊళ్ళో అందరి బట్టలూ కుట్టేది. నాకు పద్నాలుగేళ్ళప్పుడు యూదులమందరం కోట్ల మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాలని హుకుం వచ్చింది. కనేరీ పిట్ట పసుపు రంగుండాలి, ఉన్ని గుడ్డన్నా పట్టన్నా మఖ్మలన్నా ఉండాలి అని అందులో రాశారు. మా అమ్మ అది చదివి ఏమందో తెలుసా? 'పెళ్ళయిన దగ్గర్నుంచీ మీ నాన్న నాకు ఒక్క గజం మఖ్మల్ కొన్న పాపాన పోలేదు. సర్కారు వారికి చూడు నా మీద ఎంత ప్రేమో' అంది.

"నేను కోటు విప్పనని మొండికేశాను. చలని చెప్పాను కానీ, చలి కాదు. విప్పితే కుడుతుంది కదా అని. అయితే ఒంటి మీదే కుడతానని నోట్లో గుండుసూదులు పెట్టుకుని నా ముందు కూర్చుంది. నాకీ దారం ఇచ్చింది. సూదుల మధ్య నుంచే తిట్టేది. 'కదలకు. వంకరగా వస్తే హెర్మీనా కూతురి నక్షత్రమే వంకరగా ఉందని ఊరంతా నవ్వుతుంది' అని. కొలిచి మరీ కుట్టింది. నాకు ఒళ్ళు మండి, 'బుర్ర కుట్టేస్తే కుట్టెయ్, ఇవాళ గుర్తు పెట్టుకునేదేముంది' అన్నాను. అమ్మ నవ్వింది. నోట్లో సూదులన్నీ రాలిపోయేలా నవ్వింది. తర్వాత ఇద్దరం నేల మీద వంగి ఆ సూదులన్నీ ఏరాం. 'నువ్వు నములు, గుర్తుపెట్టుకునే సంగతి తర్వాత చూద్దాం' అంది. కొన్ని వారాలకి రైలెక్కించారు. దిగాక అక్కడ కోటు తీసేసుకున్నారు. అమ్మను తీసేసుకున్నారు. కుట్టు మాత్రం ఊడలేదు. ఊడి ఉంటే అమ్మకి తల కొట్టేసినట్టయ్యేది."

దారం ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకి మార్చుకుని, "అంతే. ఇదీ జవాబు," అంది.

జూడీ చేతిలో దారపు ఉండ విడిపోయి నేల మీద దొర్లింది. డెరెక్ కళ్ళు తుడుచుకున్నాడు, నిజంగానే. తుడుచుకుని, డైరెక్టర్ కాబట్టి, ఇది చాలా గొప్పగా ఉందని, ఇంకోసారి దారం లేకుండా చెబుదామని అన్నాడు. నోరు కదులుతుంటే మాటలు స్పష్టంగా పడలేదట. చివర్లో ఆశ కలిగించే ముక్క ఒకటి చేరిస్తే ఇంకా బాగుంటుందట. నక్షత్రం కుడుతుంటే నవ్వడం కూడా పిల్లల్ని తికమక పెడుతుందేమో అని కమిటీ వారు అనుకోవచ్చట.

ఇబోయా బుద్ధిగా దారం తీసి చేతిలో పట్టుకుని మళ్ళీ చెప్పబోయింది. "మా అమ్మ చాలా మంచిది," అని వచ్చింది నోట్లోంచి. చటుక్కున ఆగిపోయింది. దారం మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

"ఇలాగే ఉంటుంది. మౌనంగా వినేది కూడా ఇలాగే తియ్యి. నములుతూ," అంది.

డెరెక్ ఒప్పుకోలేదు. ఎదురుచూసే బొమ్మ రోజంతా నములుతూ కూర్చుంటే బాగుండదని, ప్రశాంతంగా కనబడదని, జనం చూయింగ్ గమ్ అనుకుంటారని నచ్చజెప్పాడు.

"అనుకోనీ. అనుకుంటే ఏం చేస్తారు?"

"ఏం నములుతున్నారని అడుగుతారు," అన్నాడు డెరెక్. అన్నాక అర్థమైంది అతనికి.

"చూశావా, నీకూ బుర్ర ఉంది," అంది ఇబోయా. "ఇంతమంది పిల్లలు ఇన్నేళ్ళూ నన్ను ఎన్నో అడిగారు. హిట్లర్ని చూశావా అని అడిగారు. ఎలకల్ని తిన్నావా అని అడిగారు. మా అమ్మ ఎలా మాట్లాడేదని ఒక్కడు అడిగిన పాపాన పోలేదు. ఎలా అడుగుతారు, నేను గుర్తు చేస్తేగా. దారం ఉంటే నేనుంటాను. దారం తీస్తే నాలుగు రోజులు తీసిందంతా నేను పట్టుకుపోతాను, నీ కుర్చీలో క్లారీని కూర్చోబెట్టుకో. ఆవిడ వయొలిన్ కూడా తెచ్చుకుంటుంది."

ఆ పట్టుకుపోవడం అంత తేలిక కాదని డెరెక్ ఏదో నసగబోయాడు. అప్పుడు జూడీ లేచి, ఆ ఒప్పందం తనే చదివానని, చివరి సంతకం ఇంకా కాలేదని, పట్టుకుపోవడం చాలా తేలికని చెప్పింది. పన్నుల లాయర్లు అవతలి వాళ్ళ చేత కన్నీళ్ళు పెట్టించే గొంతుతో చెప్పింది. ఇబోయా కూతురి వంక కొత్తగా చూసింది.

కమిటీ కూర్చుంది. కమిటీ చాలాకాలం కూర్చుంది. జూడీకి ఉత్తరాలు వచ్చాయి, జూడీ జవాబులు రాసింది. నోరు కదలకుండా ఉండేలా కంప్యూటర్లో సరిచేస్తామని కూడా ఒకరు రాశారు. జూడీ దానికి ఒక్క వాక్యంలో జవాబు ఇచ్చింది. అదేమిటో తల్లికి చూపించలేదు. కానీ ఆ తర్వాత సరిచేస్తామన్న మాట రాలేదు. ఇబోయా మాత్రం క్లారీకి, నేను నూట ఇరవై దాకా ఉండక తప్పేలా లేదే, వీళ్ళు తేల్చేసరికి అంతవుతుంది అని చెప్పింది.

వసంతంలో ఒక క్లాసు పిల్లల్ని తీసుకొచ్చి బొమ్మను మొదటిసారి చూపించారు. ఇబోయా, జూడీ వెనక వరసలో చీకట్లో కూర్చున్నారు. తెర వెలిగింది. నీలం చొక్కాలో ఇబోయా కూర్చుని ఉంది, పాదాలు పట్టీ మీద, చేతులు ఒళ్ళో. గుండెల మీద గుండీ ఒకటి కొంచెం పైకి ఉంది. దవడ మెల్లగా కదులుతోంది.

పిల్లలు చేతిలో ప్రశ్నలు రాసుకుని వచ్చారు. టీచరమ్మ రాయించింది, ద్వేషం గురించీ ఆశ గురించీ. మొదటి ప్రశ్న అడగాల్సిన పిల్ల కాగితం విప్పింది. బొమ్మ వంక చూసింది. కాగితం వంక చూసింది. మళ్ళీ బొమ్మ వంక చూసింది.

"మిస్, ఆవిడ గమ్ నములుతోంది," అంది.

"మనకి మాత్రం ఇక్కడ గమ్ వద్దన్నారు," అని వెనక నుంచి ఇంకొకడు న్యాయం అడిగాడు. క్లాసంతా గలగలలాడింది. టీచరమ్మ ఎర్రబడి, రాసుకొచ్చింది అడగమంది. ఆ పిల్ల కాగితం మడిచేసి, బొమ్మ దగ్గరికి ఒక అడుగు వేసి, "మీరు ఏం నములుతున్నారు?" అని అడిగింది.

"దారం," అంది బొమ్మ.

ఇబోయా చీకట్లో తన గొంతే వింటూ కూర్చుంది. మా అమ్మ పేరు హెర్మీనా అన్న చోట ఆవిడ పెదవులు కూడా కదిలాయి. మఖ్మల్ మాట దగ్గర పిల్లలు నవ్వారు, నవ్వొచ్చో లేదో తెలియక సగంలో ఆపుకున్నారు. సూదులు రాలిపోయిన చోట మళ్ళీ నవ్వారు. రైలు దగ్గర ఎవరూ నవ్వలేదు. కుట్టు ఊడలేదన్నప్పుడు ముందు వరసలో ఒక పిల్లాడు తన కోటు గుండీ పట్టుకుని లాగి చూసుకున్నాడు. టీచరమ్మ రుమాలు తీసింది. ఇన్నేళ్ళలో ఈ చోట తీయగా ఇబోయా ఎప్పుడూ చూడలేదు.

తర్వాత పిల్లలు రాసుకొచ్చినవి అడిగారు, బొమ్మ చెప్పాల్సినవి చెప్పింది, వాళ్ళు చప్పట్లు కొట్టి బస్సు ఎక్కడానికి వెళ్ళిపోయారు. గదిలో తల్లీ కూతుళ్ళు మిగిలారు, తెర మీద బొమ్మ మిగిలింది. బొమ్మ నములుతూ ఎదురుచూస్తోంది. జూడీ లేచి దాని ముందుకు వెళ్ళి నిలబడింది. క్లాసులో చెయ్యెత్తిన పిల్లలా అడిగింది.

"మా అమ్మమ్మ నవ్వితే ఎలా ఉండేది?"

బొమ్మ నమలడం ఆపింది. "దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంకోటి అడగండి," అంది మర్యాదగా.

"దాన్నేం అడుగుతావే," అంది వెనక నుంచి ఇబోయా. "నేనింకా ఉన్నానుగా. ఇలా వచ్చి కూర్చో."

జూడీ వచ్చి పక్కన కూర్చుంది. ఇబోయా చేతిసంచి తెరిచి, రుమాలు కోసం వెతుకుతున్నట్టు కాసేపు వెతికి, దారపు ఉండ బయటికి తీసింది. ఒక ముక్క తెంపి కూతురికిచ్చి, ఇంకో ముక్క తను నోట్లో పెట్టుకుని, చెప్పడం మొదలుపెట్టింది.